ఇంటి కప్పు మార్పిస్తున్నారా? డంప్‌స్టర్ అద్దె గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని టెక్సస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, ప్రాస్పర్ ఊళ్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లు మార్చి వచ్చిందంటే ఆకాశం వైపు చూస్తూనే ఉంటారు. వడగళ్లు పడిన మర్నాటి నుంచి తలుపు తట్టే రూఫర్లు (కప్పు పని చేసేవారు), నష్టం అంచనా వేయడానికి నిచ్చెన వేసుకుని పైకెక్కే ఇన్సూరెన్సు అడ్జస్టరు, షింగిల్స్ (కప్పు మీద పరిచే తారు రేకులు) రంగు మీద ఇంట్లో చర్చలు. ఇవన్నీ అందరూ శ్రద్ధగానే చూసుకుంటారు. విప్పిన పాత కప్పు ఎక్కడికి పోతుంది, ఎవరు మోసుకుపోతారు, దానికి ఎంతవుతుంది అన్నది మాత్రం లారీ వాకిట్లోకి వచ్చాకగానీ గుర్తుకు రాదు.

మా ఇంటి కప్పు ఇప్పటికి రెండుసార్లు మార్పించాను. మొదటిసారి డంప్‌స్టర్ (చెత్త వేసే పెద్ద ఇనుప డబ్బా) నేనే అద్దెకు తెచ్చి, తెలియక ఎక్కువ డబ్బు కట్టాను. ఆ తర్వాత మిత్రులూ బంధువులూ ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబులనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇందులోని లెక్కలు చాలావరకు ఆస్ఫాల్ట్ షింగిల్స్ కప్పుకు సంబంధించినవి. పెంకు కప్పుల సంగతి విడిగా చెప్పాను.

డంప్‌స్టర్ నేనే తెచ్చుకోవాలా, రూఫర్ తెస్తారా?

ఎక్కువ ఇళ్లకు రూఫరే తెస్తారు. టెక్సస్‌లో అయితే చాలామంది రూఫర్లకు సొంత డంప్ ట్రైలర్ ఉంటుంది. ఉదయం పికప్ వెనక తగిలించుకుని వచ్చి, సాయంత్రం నిండుగా తీసుకుపోతారు. మీరు కలగజేసుకోవాల్సిన పనే ఉండదు.

అయితే ఆ మాట నోటితో అంటే చాలదు, ఒప్పందంలో ఉండాలి. పాత కప్పు విప్పడం, తరలించడం, పారబోయడం తమ బాధ్యతేనని రాసి ఉందో లేదో సంతకం చేసే ముందు చూడండి. ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చే అంచనా కాగితంలో కూడా సాధారణంగా ఈ మూడింటికీ కలిపి ఒక పంక్తి ఉంటుంది, స్క్వేర్‌కు (వంద చదరపు అడుగుల కప్పుకు) ఇంత అని. ఆ పంక్తి ఉండగా రూఫర్ చెత్త తరలింపుకని మళ్లీ విడిగా డబ్బు అడిగితే, దేనికని మర్యాదగా అడగండి. అడిగే హక్కు మీకుంది.

మీరే తెచ్చుకోవాల్సిన సందర్భాలు కొన్ని ఉంటాయి. కూలీలను మాత్రమే కుదుర్చుకుని సామాను మీరే కొన్నప్పుడు, షెడ్డు కప్పో పెరటి వరండా కప్పో స్నేహితులతో కలిసి సొంతంగా మార్చుకుంటున్నప్పుడు, కప్పుతో పాటు పాత కంచె, డెక్ వంటివి కూడా తీసేస్తున్నప్పుడు. కింద రాసినదంతా ముఖ్యంగా వారి కోసం.

ఏయే సైజులు దొరుకుతాయి?

ఇళ్ల పనులకు ఇచ్చేది రోల్ ఆఫ్ రకం. లారీ మీద నుంచి జారుస్తూ దించుతారు, నిండాక మళ్లీ పైకి లాక్కుంటారు. సైజును యార్డుల్లో చెబుతారు. ఇక్కడ యార్డు అంటే ఘన గజం: పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులున్న గడి. 10, 15, 20, 30, 40 యార్డులవి వాడుకలో ఉన్నాయి. 20 యార్డుల డంప్‌స్టర్ సుమారు 22 అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల లోపు వెడల్పు, నాలుగడుగుల పైచిలుకు ఎత్తు ఉంటుంది. 30 యార్డులది కూడా దాదాపు అంతే పొడవు, గోడలే ఆరడుగులుంటాయి. కంపెనీని బట్టి ఈ కొలతలు కొంచెం మారుతాయి.

మా ఇంటికి ఏ సైజు సరిపోతుంది?

అందరూ ఈ ప్రశ్నే ముందు అడుగుతారు. నేను మాత్రం మీ పాత కప్పు ఎంత బరువుంటుందని ఎదురు అడుగుతాను. సోఫాలు, పరుపులు, అట్టపెట్టెలు పారేసేటప్పుడు డంప్‌స్టర్ నిండిపోతుందా అని చూసుకోవాలి. షింగిల్స్ అలా కాదు. అవి చూడటానికి పలుచని రేకుల్లా ఉంటాయి గానీ తారు, రాతి రవ్వ కలిసినవి. డంప్‌స్టర్ సగం ఖాళీగా ఉండగానే బరువు పరిమితి దాటిపోవచ్చు.

లెక్క కష్టం కాదు. కప్పును కొలిచే కొలమానం స్క్వేర్. వంద చదరపు అడుగులు ఒక స్క్వేర్. ఒకే పొర ఉండే పాత త్రీ ట్యాబ్ షింగిల్స్ స్క్వేర్‌కు 200 నుంచి 250 పౌండ్లు తూగుతాయి. ఇప్పుడు ఎక్కువ ఇళ్ల మీద ఉన్న, మందపాటి ఆర్కిటెక్చరల్ షింగిల్స్ 250 నుంచి 350 పౌండ్లు, కొన్ని ఖరీదైన రకాలు అంతకన్నా ఎక్కువ. అమెరికా టన్ను అంటే 2,000 పౌండ్లు, అంటే 907 కిలోలు. మనకు అలవాటైన వెయ్యి కిలోల టన్ను కాదు.

ఇక మీ కప్పు ఎన్ని స్క్వేర్లు? ఇక్కడ మనవాళ్లు తరచుగా పొరబడతారు. ఇల్లు 3,400 చదరపు అడుగులు కాబట్టి కప్పు 34 స్క్వేర్లు అనుకుంటారు. రెండంతస్తుల ఇంట్లో పై అంతస్తు వైశాల్యం కప్పుకు కలవదు. ఇంట్లో లెక్కించని గరాజు, వరండా, గోడ దాటి బయటికి వచ్చిన చూరు మాత్రం కలుస్తాయి. ఉదాహరణకు కింది అంతస్తు 1,800, గరాజు 450, చూరు, వరండా కలిపి 250 అనుకుందాం. నేల మీద పరిచినట్టు లెక్కిస్తే 2,500 చదరపు అడుగులు. కప్పు వాలుగా ఉంటుంది కాబట్టి దాన్ని వాలును బట్టి హెచ్చించాలి. పన్నెండు అంగుళాలకు ఆరు అంగుళాలు లేచే వాలైతే 1.12తో, ఎనిమిది లేచేదైతే 1.2తో, పన్నెండూ లేచే నిటారు కప్పైతే 1.41తో. మన ఉదాహరణకు 1.2 తీసుకుంటే 3,000 చదరపు అడుగులు, అంటే 30 స్క్వేర్లు. స్క్వేర్‌కు 250 పౌండ్ల చొప్పున 7,500 పౌండ్లు, మూడుముప్పావు టన్నులు. షింగిల్స్ కింద పరిచిన ఫెల్టు కాగితం, మేకులు, రేకు పట్టీలు, పుచ్చిన పలకలు కలిపితే నాలుగు టన్నులు అనుకోండి.

ఇలాంటి ఇంటికి నేను 20 యార్డులదే చెబుతాను, నాలుగు టన్నుల దాకా అనుమతిస్తేనే. పదిహేను స్క్వేర్ల లోపు చిన్న కప్పుకు 10 యార్డులది చాలు. 30 యార్డులది షింగిల్స్‌కు వద్దనే అంటాను. దాన్ని అంచు దాకా నింపితే ఆరేడు టన్నులు దాటవచ్చు. చాలా కంపెనీలు అంత బరువును రోడ్డెక్కించవు.

కొలుచుకునే ఓపిక లేకపోతే ఇన్సూరెన్సు అంచనా కాగితం తీయండి. స్క్వేర్ల సంఖ్య అందులోనే ఉంటుంది.

బరువు పరిమితి దాటితే ఏమవుతుంది?

రెండింటిలో ఒకటి జరుగుతుంది. చెత్త యార్డు దగ్గర తూకం వేసి, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ బిల్లు వేస్తారు. లేదా లారీ దాన్ని ఎత్తలేక, ఎత్తినా రోడ్డు మీద అనుమతించిన బరువు మించి, డ్రైవర్ మీ ఇంటి ముందే వదిలేసి వెళ్తాడు. అప్పుడు కొంత బయటకు తీసి, మళ్లీ పిలవాలి. ఆ రెండో రాకకు కూడా డబ్బు అడుగుతారు.

నా మొదటి అనుభవం చెబుతాను. పెద్దది తెస్తే ఇబ్బంది ఉండదనుకుని 30 యార్డులది తెచ్చాను. అద్దెలో కలిసిన బరువు మూడు టన్నులేనని కాగితంలో ఉంది. నేను చదవలేదు. షింగిల్స్ అన్నీ పడ్డాక ఇంకా సగానికి పైగా చోటు కనిపించింది. అంత చోటు ఉంది కదా అని పెరట్లో పగిలిన సిమెంటు పలకలు, పాత పూలకుండీల మట్టి కూడా మోసుకొచ్చి అందులో వేశాను. బిల్లు వచ్చేసరికి రెండు టన్నులకు పైగా అదనం. తప్పు కంపెనీది కాదు, నాదే. ఖాళీ కనిపించినంత మాత్రాన నింపకూడదు. మట్టి, సిమెంటు, ఇటుకలు ఏ కంపెనీ అయినా విడిగా తీసుకెళ్లేవే. షింగిల్స్‌తో కలపకండి.

అద్దె ఎంత ఉంటుంది? ఫోన్‌లో ఏమేమి అడగాలి?

ఊరిని బట్టి, కాలాన్ని బట్టి చాలా తేడా ఉంటుంది. 10 నుంచి 20 యార్డుల మధ్య సైజులకు కొన్ని వందల డాలర్లు ఖాయం. చెత్త యార్డు రుసుము ఎక్కువగా ఉన్న ఈశాన్య రాష్ట్రాల్లో, కాలిఫోర్నియాలో ఇంకా ఎక్కువ. అందుకే అంకె కన్నా, ఆ అంకెలో ఏమి కలిసిందన్నది ముఖ్యం.

ఫోన్ చేసినప్పుడు ఇది షింగిల్స్ కోసమని మొదటి మాటగా చెప్పండి. కొన్ని కంపెనీలు కప్పు చెత్తకు వేరే ధర, వేరే డంప్‌స్టర్ పెడతాయి. దాచి తెచ్చుకుంటే తర్వాత గొడవ. ఎన్ని టన్నులు కలిసి ఉన్నాయి, ఆపైన టన్నుకు ఎంత, ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు, రోజు పెరిగితే ఎంత, తెచ్చిపెట్టడానికి, తీసుకుపోవడానికి ఛార్జీ విడిగా ఉందా, ఇంధనం పేరుతో మరేదైనా కలుపుతారా అని అడగండి. జవాబులు ఈమెయిల్‌లో పంపమని కోరండి. చౌకగా కనిపించిన కంపెనీ ఒకటిన్నర టన్ను మాత్రమే ఇచ్చి, వంద డాలర్లు ఎక్కువ అడిగిన కంపెనీ నాలుగు టన్నులు ఇస్తే, రెండోదే చౌక.

వాన పడితే బరువు పెరుగుతుందా?

పెరుగుతుంది. షింగిల్స్ మధ్య, ఫెల్టు కాగితంలో, చెక్క పలకల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ నీటికి కూడా మీరే టన్ను లెక్కన డబ్బు కడతారు. సాయంత్రం పని ఆపగానే మీద టార్పాలిన్ కప్పి అంచులు కట్టేయండి. వడగళ్ల కాలంలోనే కప్పులు మారుతాయి కాబట్టి రాత్రికి ఆకాశం నిర్మలంగా ఉన్నా కప్పడం మానకండి.

ఎక్కడ పెట్టించాలి? డ్రైవ్‌వే పాడవుతుందా?

డ్రైవ్‌వే మీద, కప్పు అంచుకు వీలైనంత దగ్గరగా. పైనుంచి పనివాళ్లు నేరుగా అందులోకి విసరగలిగితే సగం శ్రమ తగ్గుతుంది, పెరట్లో పడే మేకులూ తగ్గుతాయి. అలాగని గోడకు మరీ ఆనించి పెడితే కిటికీకో ఇటుక గోడకో దెబ్బ. వెనక తలుపు తెరుచుకోవడానికి చోటు వదలండి. బరువైన పలకలు ఆ తలుపులోంచి నడిచి వెళ్లి సర్దడమే తేలిక.

డ్రైవ్‌వే పాడవడమన్నది నిజమైన భయమే. ఖాళీ డంప్‌స్టర్ కూడా టన్నుల బరువుండే ఇనుము. దాని ఇనుప చక్రాలు కాంక్రీటు మీద గీసుకుంటూ జారతాయి, నిండాక ఆ నాలుగు చోట్లే భారమంతా నిలుస్తుంది. చక్రాల కింద, ముందు పట్టాల కింద మందపాటి చెక్క పలకలు వేయించండి. కంపెనీవాళ్లు తెస్తారేమో అడగండి, తేకపోతే మీరే సిద్ధం చేసుకోండి. డ్రైవర్ దించే ముందే పలకలు పరచాలి, దించాక ఎత్తి పెట్టడం జరిగే పని కాదు. న్యూజెర్సీ వైపు తారు డ్రైవ్‌వేలు ఎక్కువ. మండుటెండలో తారు మెత్తబడి చక్రం గుంట పడుతుంది. అక్కడ పలకలు తప్పనిసరి. దించక ముందూ, తీసుకెళ్లాకా ఫోటోలు తీసుకోండి.

లారీ వెనక్కు వచ్చి డబ్బాను వాల్చి దించడానికి సుమారు 60 అడుగుల నిడివి, పైన ఇరవైమూడు నుంచి ఇరవైఐదు అడుగుల ఖాళీ ఉండాలి. చెట్టు కొమ్మలు, కరెంటు తీగలు, బాస్కెట్‌బాల్ స్తంభం చూసుకోండి. గడ్డి మీద, సెప్టిక్ ట్యాంకు మీద, స్ప్రింక్లర్ గొట్టాల మీద, నీటి మీటరు మూత మీద పెట్టించకండి.

డంప్‌స్టర్ రాకముందే కార్లు గరాజులోంచి తీసి వీధిలో పెట్టుకోండి. డంప్‌స్టర్ దిగాక గరాజు మూసుకుపోయినట్టే. తీసుకెళ్లే రోజున దాని ముందు కారు అడ్డంగా ఉంటే డ్రైవర్ తిరిగి వెళ్లిపోతాడు, ఆ ఖాళీ ప్రయాణానికి కూడా బిల్లు వస్తుంది.

అనుమతి తీసుకోవాలా?

మీ డ్రైవ్‌వే మీద పెట్టుకుంటే చాలా నగరాల్లో డంప్‌స్టర్‌కు విడిగా అనుమతి అక్కర్లేదు. వీధిలో, కాలిబాట మీద పెట్టాలంటే మాత్రం నగరపాలక కార్యాలయం నుంచి అనుమతి తీసుకోవాలి. రాత్రిపూట వెలుగు పట్టీలు, కోన్లు కూడా పెట్టమంటారు. కప్పు మార్చడానికి కావాల్సిన పర్మిట్ వేరు, దాన్ని దీనితో కలపకండి. హెచ్.ఓ.ఏ. (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీల్లో షింగిల్స్ రంగుకు ఎలాగూ దరఖాస్తు పెడతారు కదా, అందులోనే డంప్‌స్టర్ ఎన్ని రోజులుంటుందో కూడా రాయండి. పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పడం ఏ నిబంధనలోనూ ఉండదు, కానీ చెప్పండి. ఉదయం ఏడింటికి కప్పు మీద పారలు మోగడం మొదలైతే వారి ఇంట్లో పసిపిల్లలుండవచ్చు.

ఎన్ని రోజులకు తీసుకోవాలి?

మామూలు ఇంటి కప్పు విప్పి వేయడం ఒకటి రెండు రోజుల పని. అద్దె వారం నుంచి రెండు వారాల దాకా ఇస్తారు. మీకు మూడు నాలుగు రోజులు చాలు. పని మొదలయ్యే ముందురోజు సాయంత్రం తెప్పించండి, పని రోజు ఉదయమే వస్తుందని నమ్ముకుంటే పనివాళ్లు కప్పు మీద ఎదురుచూస్తూ కూర్చుంటారు. పెద్ద వడగళ్ల వాన తర్వాత ఊరంతా ఒకేసారి అడుగుతుంది కాబట్టి తేదీ ఖాయమైన రోజే బుక్ చేయండి.

ఏవి వేయకూడదు? పాత కప్పులో ఆస్బెస్టాస్ ఉంటే?

పెయింటు, టిన్నర్, సగం మిగిలిన తారు జిగురు డబ్బాలు, బ్యాటరీలు, టైర్లు, గ్యాస్ సిలిండర్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు వేయకూడదు. కంపెనీని బట్టి జాబితా ఇంకా పొడవుంటుంది.

ఆస్బెస్టాస్ (రాతినార) సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మనవాళ్లు ఎక్కువగా 2000 తర్వాత కట్టిన ఇళ్లే కొంటారు, వాటికి ఈ బెంగ లేదు. కానీ యూనివర్సిటీల దగ్గర, పాత పట్టణాల్లో అద్దెకిచ్చేందుకు కొన్న ఇళ్లుంటాయి. 1980లకు ముందు తయారైన కొన్ని సిమెంటు షింగిల్స్‌లో, ఫెల్టు కాగితాల్లో, తారు జిగుర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. కంటికి తెలియదు. చిన్న ముక్కను లైసెన్సున్నవారితో తీయించి ప్రయోగశాలకు పంపితేనే తెలుస్తుంది. ఉందని తేలితే మామూలు డంప్‌స్టర్ పనికిరాదు. రాష్ట్ర నిబంధనల ప్రకారం ఆ పని తెలిసినవారే తడిపి, మూటకట్టి తీసుకెళ్లాలి. పరీక్ష ఖర్చు చూసి వెనకాడకండి. ఆ దుమ్ము పీల్చినవారికి జబ్బు పైకి తేలడానికి దశాబ్దాలు పడుతుంది. కప్పు మీద పని చేస్తున్న కూలీలు కూడా ఎవరింటి మనుషులో.

విప్పడం మొదలుపెట్టాక కింద మరో వరుస షింగిల్స్ కనిపిస్తే?

బరువు ఇంచుమించు రెట్టింపు. పాత ఇళ్లలో ఉన్న షింగిల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి వేసేవారు. అమెరికాలో చాలాచోట్ల పాటించే భవన నియమావళి ప్రకారం రెండు వరుసలు ఉన్న కప్పు మీద మూడోది వేయకూడదు, మొత్తం విప్పాల్సిందే. చూరు అంచున ఒక షింగిల్‌ను కొంచెం ఎత్తి చూస్తే ఎన్ని వరుసలున్నాయో ముందే తెలుస్తుంది. రెండున్నాయని తేలితే ఒక డంప్‌స్టర్‌లో కుక్కే ప్రయత్నం చేయకండి. మొదటిది నిండగానే మార్చి మరొకటి పెట్టేలా కంపెనీతో ముందే మాట్లాడుకోండి.

మాది కాలిఫోర్నియా, పెంకు కప్పు. ఇదే లెక్కా?

కాదు. కాంక్రీటు పెంకులు స్క్వేర్‌కు దాదాపు వెయ్యి పౌండ్లుంటాయి. మట్టి పెంకులు కొంచెం తక్కువ. 25 స్క్వేర్ల కాంక్రీటు పెంకు కప్పు పన్నెండు టన్నులు దాటుతుంది. 10 యార్డుల డంప్‌స్టర్లే ఒకటికి రెండు సార్లు మార్చుకోవాలి, లేదా కాంక్రీటు వంటి బరువు చెత్తకు ప్రత్యేకంగా ఇచ్చే తక్కువ ఎత్తువి అడగాలి.

ఒక్క మాట. కాలిఫోర్నియా, అరిజోనాల్లో చాలా పెంకు కప్పులకు అసలు చెడేది పెంకు కాదు, దాని కింది ఫెల్టు. పెంకులు జాగ్రత్తగా దించి, కింద కొత్త పొర పరిచి, అవే పెంకులు మళ్లీ పేర్చే పద్ధతి ఉంది. రూఫర్‌ను ఆ మాట అడగండి. మా తాతగారి ఇంటి మీద బంగాళా పెంకులుండేవి. ఏటా తొలకరికి ముందు పనివాళ్లు ఎక్కి, పగిలినవి తీసి, మంచివన్నీ మళ్లీ సర్దేవారు. రెండు తరాలు ఆ పెంకుల కిందే పెరిగాయి.

ఇంత చెత్తా భూమిలో పూడ్చాల్సిందేనా?

అక్కర్లేదు. అమెరికాలో ఏటా కోటి టన్నులకు పైగా షింగిల్స్ చెత్త వస్తుంది, దానిలో ఎక్కువ భాగం పూడుస్తున్నారు. నాకు అది చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే షింగిల్ బరువులో సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా తారే. దాన్ని పొడి చేసి, అయస్కాంతాలతో మేకులు ఏరేసి, రోడ్లు వేసే తారు మిశ్రమంలో కలపవచ్చు. టెక్సస్‌తో సహా అనేక రాష్ట్రాల రోడ్ల శాఖలు దీన్ని అనుమతిస్తున్నాయి.

మీ ఊరికి దగ్గర్లో షింగిల్స్ తీసుకునే కేంద్రం ఉందేమో డంప్‌స్టర్ కంపెనీని అడగండి. ఉంటే కొన్నిచోట్ల రుసుము కూడా తక్కువే. వాళ్లు పెట్టే షరతు ఒకటే, అందులో షింగిల్స్ తప్ప మరేదీ ఉండకూడదు. చెక్క, ప్లాస్టిక్ సంచులు, పనివాళ్ల భోజనం డబ్బాలు కలిస్తే తిప్పి పంపేస్తారు. వేరే చెత్త కోసం పక్కన రెండు పెద్ద డబ్బాలు పెట్టండి. రాగి, అల్యూమినియం పట్టీలు విడిగా తీసిపెడితే పాత ఇనుము కొనేవారు తీసుకుంటారు.

రాత్రిపూట ఎవరో పాత పరుపు తెచ్చి మా డంప్‌స్టర్‌లో పడేశారు. ఏం చేయాలి?

తీసి పక్కన పెట్టండి, ఫోటో తీసి కంపెనీకి చెప్పండి. పరుపుకు చాలాచోట్ల విడిగా రుసుము ఉంటుంది, మీ డంప్‌స్టర్‌లో ఉన్నది మీదిగానే లెక్క. టార్పాలిన్ కట్టి ఉంచితే సగం బెడద తగ్గుతుంది.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, చిన్నపిల్లలున్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

అన్నిటికన్నా ముందు మేకుల సంగతి. ఒక్క కప్పులోంచి వేల మేకులు ఊడతాయి. డంప్‌స్టర్ ఎంత దగ్గరగా పెట్టినా కొన్ని గడ్డిలోకి, పూలమొక్కల మొదళ్లలోకి, డ్రైవ్‌వే సందుల్లోకి ఎగిరి పడతాయి. మన ఇళ్లలో పెద్దవాళ్లు పొద్దున్నే హవాయి చెప్పులతో పెరట్లోకి వెళ్తారు, తులసికి నీళ్లు పోయడానికి ఉత్త కాళ్లతోనే దిగుతారు. పిల్లల సంగతి సరేసరి. పని జరిగే రెండు రోజులూ, ఆ తర్వాత మరో వారమూ గట్టి అడుగున్న బూట్లు లేకుండా ఎవరూ బయటికి వెళ్లకూడదని ఇంట్లో ఖండితంగా చెప్పండి. మధుమేహం ఉన్న పెద్దవాళ్లకు కాలికి మేకు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. ఆ గాయం మానడం ఎంత కష్టమో మన కుటుంబాల్లో చాలామందికి తెలుసు.

పని రోజున వీలైతే పెద్దవాళ్లనూ పసివాళ్లనూ బంధువుల ఇంటికి పంపండి. నెత్తిన రోజంతా సుత్తి దెబ్బలు, పైగా అటకలోంచి దుమ్ము. తులసి కోట, కరివేపాకు, మల్లె కుండీలు కప్పు అంచుకు దూరంగా జరపండి. వాకిట్లో ముగ్గు మీదికి లారీ వస్తుందని అమ్మకు ముందే చెప్పండి. అటకలో పెట్టిన సూట్‌కేసులు, పండగ సామాన్లు, బొమ్మల కొలువు పెట్టెల మీద పాత దుప్పట్లు కప్పండి.

డంప్‌స్టర్‌లోకి పిల్లలు ఎక్కకుండా చూడండి. వెనక తలుపు రాత్రిళ్లు మూసి గడియ పెట్టండి.

మేకులు ఏరడానికి చక్రాలున్న అయస్కాంతం ఉంటుంది. రూఫర్ ఒకసారి తిప్పి వెళ్తారు, అది చాలదు. హార్డ్‌వేర్ దుకాణంలో ఒకటి కొనుక్కోండి లేదా అద్దెకు తెచ్చుకోండి. డంప్‌స్టర్ ఉన్న చోట, అది కదిలాక వెంటనే, తర్వాత గడ్డి కోసిన ప్రతిసారీ తిప్పండి. మా పెరట్లో నాలుగో వారం కూడా దొరికాయి.

డిడక్టిబుల్ కట్టక్కర్లేదు, డంప్‌స్టర్ ఖర్చు కూడా మేమే చూసుకుంటామని ఒక రూఫర్ అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

డంప్‌స్టర్ ఖర్చు వాళ్లు భరించడం మామూలే. డిడక్టిబుల్ అంటే ఇన్సూరెన్సు క్లెయిములో మీ జేబులోంచి కట్టాల్సిన వాటా. దాన్ని మాఫీ చేస్తామనడం టెక్సస్‌లో చట్టవిరుద్ధం. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఇంటి యజమాని డిడక్టిబుల్ కట్టాల్సిందే. కట్టినట్టు రుజువు చూపేదాకా ఇన్సూరెన్సు కంపెనీ మిగిలిన సొమ్ము ఆపి ఉంచవచ్చు. అలాంటి మాట చెప్పిన రూఫర్ చెత్తను ఎక్కడ పారబోస్తారో కూడా నమ్మలేం. ఖాళీ స్థలాల్లో, కాలువల పక్కన షింగిల్స్ కుప్పలు చూశాను.

బిల్లులో రాసిన బరువు నిజమేనని ఎలా నమ్మాలి?

తూకం చీటీ అడగండి. చెత్త యార్డులో లారీని నిండుగా ఒకసారి, ఖాళీ చేశాక ఒకసారి తూస్తారు. ఆ రెండు అంకెలూ, తేదీ, సమయం చీటీలో ఉంటాయి. మీరు స్క్వేర్లతో వేసుకున్న లెక్కకూ చీటీలోని తూకానికీ అర టన్ను తేడా ఉంటే అది సహజం. రెండు టన్నుల తేడా ఉంటే ఫోన్ చేసి, మీ స్క్వేర్ల లెక్క, నిండిన డంప్‌స్టర్ ఫోటోలు ముందు పెట్టి మాట్లాడండి. ఒక మిత్రుడు అలా అడిగితే వేరే ఇంటి చీటీ పొరపాటున తన బిల్లుకు తగిలించారని తేలింది, అదనం మొత్తం వెనక్కు ఇచ్చారు.

చీటీనీ, డంప్‌స్టర్ బిల్లునూ కప్పు కాగితాలతో పాటే దాచిపెట్టండి. కప్పు పాతబడిందని తరుగు కింద ఇన్సూరెన్సు ఆపి ఉంచిన సొమ్ము విడుదల కావాలంటే అసలు ఖర్చుల బిల్లులు పంపాలి. డంప్‌స్టర్ మీరే అద్దెకు తెచ్చి ఉంటే అదీ వాటిలో ఒకటి.